పంతొమ్మిది సెట్లు అమ్మిన చెల్లెకు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మిర్యాలగూడ. రెండేండ్ల నుంచి ఇంట్లనే సిల్క్ త్రెడ్ గాజులు, టెర్రకోట కమ్మలు చేస్తున్న. చుట్టాలు, వాడకట్టోళ్లు మెచ్చుకుంటరు, కొంటరు. మే నెలల నల్లగొండల మూడు రోజుల హస్తకళల ఎగ్జిబిషన్ పెడితే మొదటిసారి స్టాల్ తీసుకున్న. కిరాయి 3,000. ఆటోలకు, తిండికి ఇంకో 900 అయింది. సెట్టు 150 చొప్పున పంతొమ్మిది సెట్లు పోయినయి, 2,850 వచ్చినయి. కమ్మలు ఒక్క జత పోలె. పక్క స్టాల్‌ల మిషన్ గాజులు 50కే ఇస్తుంటే అందరు అటే పోయిన్రు. శానామందికి నా గాజులు చేతికి పట్టలె కూడ. ఇంట్ల ఇంకా అరవై సెట్లున్నయి. 1,050 నష్టమొచ్చింది, ఇగ మానెయ్ అంటున్నడు మా ఆయన. ఇప్పుడు ఆషాఢంల మహబూబ్‌నగర్‌ల ఐదు రోజుల ఎగ్జిబిషన్ ఉందట. స్టాల్‌కు 6,000. సోమవారం లోపట కట్టాలె. పోవాల్నా? నేను గూడ ధర తగ్గియ్యాల్నా? ఇంకో మాట అక్కా. ఒకామె నా కమ్మలు పెట్టుకుంటే చెవి పుండైందని తిరిగి తెచ్చిచ్చింది. నాకు భయమైతుంది.
ఒక చెల్లె, మిర్యాలగూడ

జవాబు:

చెల్లె, సోమవారం గడువుంది కాబట్టి ముందు దాని సంగతే చెప్తా. ఆ 6,000 కట్టకు. ఎందుకో లెక్కతో చెప్తా. అయితే ఈ "కట్టకు" అనే మాట ఆ ఎగ్జిబిషన్ వరకే. మీ ఆయన చెప్పిన "మానెయ్"తో దీన్ని కలపకు.

నీ ఉత్తరం చదువుతుంటే 1,050 నష్టం అన్న దగ్గర నా కన్ను ఆగింది. కిరాయి, ఆటోలు, తిండి కలిపి 3,900. అందులోంచి వచ్చిన 2,850 తీసేసి 1,050 అన్నావు. మరి దారం, స్టోన్ చైన్, కుందన్లు, జిగురు, కింద వేసిన ప్లాస్టిక్ గాజులు, కవర్లు ఎవరు ఇచ్చారు? అవి నీ ఇంట్లోంచే పోయాయి. నువ్వు రాసిన రకం సెట్టుకు సామానే 70 రూపాయలు పడుతుంది. పంతొమ్మిది సెట్లకు 1,330. అంటే అసలు నష్టం 2,380. ఇది నిన్ను బాధ పెట్టడానికి చెప్పట్లేదు. ఈ అంకె కనబడకపోతే మహబూబ్‌నగర్ స్టాల్ చవకగా కనబడుతుంది, అందుకే చెప్తున్నా.

ఇప్పుడు ఆ స్టాల్ లెక్క చూడు. కిరాయి 6,000. ఐదు రోజుల తిండి, రాత్రి పండుకునే చోటు, పెట్టెలు మోయడానికి ఆటోలు, ఎంత పొదుపుగా ఉన్నా 4,000 వేసుకో. మొత్తం 10,000. సెట్టు 150కి అమ్మితే సామాను పోను నీకు మిగిలేది 80. పదివేలు రాబట్టడానికే 125 సెట్లు పోవాలి, రోజుకు పాతిక. నల్లగొండలో నీకు రోజుకు పోయినవి ఆరు. పైగా సెట్టుకు మూడు గంటల పని అనుకున్నా 125 సెట్లంటే 375 గంటలు నీ చేతులు చేసిన పని ఊరికే పోయినట్టు. 126వ సెట్టు నుంచి కదా నీకు కూలి మొదలయ్యేది!

పైగా అది ఆషాఢం. లగ్గాలుండవు. కొత్త కోడళ్లు పుట్టింటికి పోతారు. చీర కొంటేనే దానికి సరిపోయే గాజుల మీదికి మనసు పోతుంది. ఆషాఢంలో బట్టల దుకాణాలు డిస్కౌంటు బోర్డులు పెడతాయి చూడు, గిరాకీ ఉంటే ఎందుకు పెడతారు? నీకు కావాల్సింది శ్రావణం. వరలక్ష్మి వ్రతం, వాయనాలు, లగ్గాలు, ఒడిబియ్యాలు అన్నీ అప్పుడు మళ్లీ మొదలవుతాయి. ఆ తర్వాత పెత్రమాస నాడు ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మ. మన దిక్కు ఆడవాళ్లు తొమ్మిది రోజులూ చీరకు తగ్గ గాజులు చూసుకునే కాలం అది. ఆషాఢంలో నువ్వు కూర్చుని తయారు చేసుకోవాలి, ఆర్డర్లు పట్టుకోవాలి. స్టాల్‌కు తొందర లేదు.

నా సంగతి చెప్తా. మా అమ్మ గాజులమ్మేది. భుజాన గాజుల మలారం వేసుకొని చండూరు, మునుగోడు దిక్కు ఊర్లు తిరిగేది. నేను చిన్నప్పుడు వెంట పోయేదాన్ని. అమ్మ ఎవరింటి అరుగు మీదైనా కూర్చున్నాక ముందు మలారం విప్పేది కాదు, చెయ్యి అడిగేది. చెయ్యి పట్టుకొని, బొటనవేలు లోపలికి మడిచి, పిడికిలి ఒక్కసారి ఒత్తి చూసి సైజు చెప్పేది. ఆ తర్వాత "ఏం చీర కడుతవు బిడ్డా, పండుగకు?" అనేది. చీర బయటికి వచ్చేది. చీర పక్కన గాజులు పెట్టి చూపించేది. అప్పుడు ధర మాట వచ్చేది, బేరం కూడా జరిగేది. కానీ అప్పటికే ఆ గాజులు ఆమె చేతికి ఉండేవి. చేతికెక్కిన గాజును "వద్దు, తియ్యి" అన్న మనిషిని నేను చాలా తక్కువ చూశాను.

నల్లగొండలో నీ స్టాల్ దగ్గర ఏం జరిగిందో నేను చూడలేదు గానీ నా మొదటి స్టాల్ దగ్గర ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, సెట్లన్నీ కవర్లలో వరసగా పెట్టి, వెనక కుర్చీలో కూర్చున్నా. వచ్చిన వాళ్లు నిలబడి చూసేవాళ్లు, "ఎంత?" అనేవాళ్లు, చెప్తే పోయేవాళ్లు. కవర్‌లో ఉన్నంతసేపు చేత్తో చుట్టిన గాజుకు, మిషన్ గాజుకు తేడా ఏముంది? రెండూ మెరుస్తాయి. అప్పుడు 50 ముందు 150 ఓడిపోతుంది. కొనేవాళ్ల తప్పు ఇందులో లేదు. తేడా వాళ్లకు కనబడే తొవ్వ మనమే మూసేశాం.

కాబట్టి ధర తగ్గించకు. ఆ 50 రూపాయల గాజుతో నువ్వు పోటీ పడలేవు, పడాల్సిన పని కూడా లేదు. ఆ సరుకు హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల నుంచి డజన్ల లెక్కన వస్తుంది. గాజు గాజులైతే ఉత్తరప్రదేశ్ ఫిరోజాబాద్ నుంచి లారీల్లో దిగుతాయి. రోల్డ్ గోల్డ్ అయితే మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి పేరు మన అమ్మమ్మల కాలం నుంచి ఉంది. వాళ్లు వేల డజన్లు చేస్తారు, ఒక్కో దానికి పైసల్లో లాభం చూసుకుంటారు. నీకు ఉన్నవి రెండు చేతులు. నువ్వు 50కి ఇస్తే సామాను ఖర్చు కూడా రాదు, 70 కదా.

వాళ్లు చేయలేని పని ఒకటుంది. "ఈ చీర అంచుకు కావాలి, నా చేతికి పట్టాలి, శుక్రవారం లోపల కావాలి" అని అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉంది. నువ్వు అమ్మాల్సింది అదే. స్టాల్ మీద పెట్టిన సెట్లు నమూనాలు అనుకో. పోతే మంచిదే. అసలు గిరాకీ మాత్రం నీ నోట్‌బుక్‌లో రాసుకునే ఆర్డర్లు. నల్లగొండలో పంతొమ్మిది మంది కొన్నారు కదా, వాళ్లలో ఒక్కరి ఫోన్ నంబరైనా నీ దగ్గర ఉందా? లేకపోతే, నా లెక్కలో నీకు వచ్చిన పెద్ద నష్టం 2,380 కాదు, ఆ పంతొమ్మిది నంబర్లు.

ఇక సైజు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే "చేతికి పట్టలె" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నాకైతే నీ ఉత్తరం మొత్తంలో అదే పెద్ద మాట. మనం రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని సైజు చెప్తాం కదా, అది అంగుళాల లెక్క. రెండు నాలుగంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే గాజు లోపలి అడ్డకొలత రెండుంబావు అంగుళాలు. రెండు ఎనిమిదంటే రెండున్నర. నాలుగుకు, ఆరుకు మధ్య తేడా మూడు మిల్లీమీటర్లే. నువ్వు ప్లాస్టిక్ గాజు మీద దారం రెండు మూడు వరసలు చుడితే లోపల ఈ పక్క, ఆ పక్క కలిపి ఒక మిల్లీమీటరుకు పైనే తగ్గిపోతుంది. ఇంకొకటి, గాజు గాజు నున్నగా జారుతుంది, సబ్బు రాస్తే ఇంకా జారుతుంది. దారం జారదు, చర్మాన్ని పట్టుకుంటుంది. ఈ రెండూ కలిసి రెండు ఆరు గాజు చేతికి రెండు నాలుగులా తగులుతుంది. రోజూ రెండు ఆరు వేసుకునే ఆమె నీ దగ్గర రెండు ఆరు అడిగి తీసుకొని, పిడికిలి దగ్గరే ఆగిపోతే "ఇవి పట్టవు" అని పెట్టేసి పోతుంది. మళ్లీ రాదు.

అందుకని కొన్ని పనులు చెయ్యి. చుట్టిన తర్వాత లోపలి కొలత చూసి ఆ సైజు చీటీ అంటించు, చుట్టకముందుది కాదు. ప్రతి సైజుకు ఒక చుట్టిన గాజు, మెరుపులేమీ లేనిది, కొలత కోసమే పెట్టుకో. వచ్చిన వాళ్ల చేతికి ముందు అది ఎక్కించు. కొనకపోయినా పరవాలేదు, ఆ సైజు ఆమె పేరు పక్కన రాసుకో. చుట్టేటప్పుడు లోపలి వైపు దారం పలుచగా, పైవైపు వత్తుగా వచ్చేలా చేతిని అలవాటు చేసుకోవచ్చు, పది సెట్లకు వచ్చేస్తుంది. ప్లాస్టిక్ గాజులు కొనేటప్పుడు రెండు నాలుగు చవకగా దొరికిందని అన్నీ అవే తెచ్చుకోకు. పెండ్లయిన, ఇంటి పని చేసే చేతులకు రెండు ఆరు, రెండు ఎనిమిదే ఎక్కువ కావాలి. మన పల్లెల్లో పొలం పని చేసే తల్లులకు రెండు పది కూడా కావాలి. వాళ్లకు నచ్చింది దొరకక నల్లగొండ, సూర్యాపేట తిరిగి వట్టి చేతులతో పోవడం నేను చూశాను. రెండు పదిలో అందమైన సెట్లు చేసి పెట్టినామె దగ్గరికి వాళ్లు వెతుక్కుంటూ వస్తారు.

రంగుల విషయం కూడా ఇలాంటిదే. నీకు నచ్చిన రంగుల్లో చేస్తున్నావేమో. ఒకసారి మన చీరల దిక్కు చూడు. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, అంచు రంగు ఒంటి రంగుకు దూరంగా ఉంటుంది, జరీ మెరుస్తుంది. నారాయణపేటలో గళ్లు, ఎదురు రంగు అంచు. పోచంపల్లి, పుట్టపాక చీరలో ఒకే అంచులో మూడు నాలుగు రంగులు కలిసిపోతాయి. వీటికి బజారులో దొరికే ఒంటి రంగు గాజు ఎప్పుడూ సరిగా అతకదు. చీర అంచు రంగు ఒకటి, ఒంటి రంగు ఒకటి, మధ్యలో జరీ వన్నె సన్న గాజు ఒకటి, ఇలా అల్లిన సెట్టు వేసుకుంటే చీరతో పుట్టినట్టే ఉంటుంది. ఫోన్ ఫొటో చూసి రంగు కలపకు, మోసపోతావు. ఒక్కో ఫోన్‌లో ఒక్కో రంగు. చీర చివర కుచ్చుల దగ్గర మిగిలిన రెండు పోగులు అడిగి తీసుకో, నోట్‌బుక్‌లో ఆమె పేరు పక్కన టేపుతో అంటించు. పగటి వెలుతురులోనే కలుపు. నేను ఒకసారి ట్యూబులైటు కింద కలిపి, పెండ్లికూతురి సెట్టు మొత్తం తిరిగి చుట్టాల్సి వచ్చింది. రెండు రాత్రులు పట్టింది.

మిర్యాలగూడలో ఫాల్, పీకో కుట్టే దుకాణాలు, చీర కుచ్చులు వేసే ఆడవాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు ఉంటారు. ఆషాఢంలో నువ్వు పోవాల్సింది వాళ్ల దగ్గరికి. ప్రతి కొత్త చీరా వాళ్ల చేతి మీదుగానే పోతుంది కదా. ఇద్దరు ముగ్గురి దగ్గర నాలుగు నాలుగు సెట్లు వేలాడదియ్యి, పక్కన కొలత గాజులు పెట్టు, వచ్చిన ప్రతి ఆర్డరుకు వాళ్లకు ఇంత అని ముందే మాట్లాడుకో. పది రూపాయలకు ఒక రూపాయి లెక్కన ఇచ్చినా స్టాల్ కిరాయితో పోలిస్తే నీకు మిగులే. గిరాకీ రాకపోతే నువ్వు ఇచ్చేది సున్నా.

ధర కూడా ఇప్పుడే సరిచేసుకో. సామాను 70. నీ పని గంటకు 50 వేసుకో. అంతకంటే తక్కువ వేసుకుంటే మీ ఆయన అనే మాటే నిజమవుతుంది. మూడు గంటల పనిని రెండుకు తేవచ్చు. ఒక్కో సెట్టు మొదటి నుంచి చివరికి చేయడం మాని, ఒక పూట అన్నింటికీ దారం చుట్టు, ఇంకో పూట అన్నింటికీ స్టోన్ చైన్ అంటించు. జిగురు ఆరేలోపల చేయి ఊరికే ఉండదు. అప్పుడు సామాను 70, పని 100, తొవ్వ ఖర్చులకు, పాడైన వాటికి 30, మొత్తం 200. ఇదీ నీ మామూలు సెట్టు ధర. చీరకు కలిపి చేసే ఆర్డరు సెట్టుకు 300 నుంచి పైకి, పెండ్లి సెట్టుకు పని చూసి అడుగు. సగం ముందే తీసుకో. ముందు సగం ఇచ్చిన వాళ్లే ఆర్డరు ఇచ్చినట్టు. వట్టి మాట మీద చుట్టిన గాజులు నా బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. దాంతోపాటు చేతిలో పైసలు తక్కువున్న ఆడపిల్లల కోసం 40, 50కి సన్న గాజుల జత ఒకటి పెట్టు. బోణి దాంతోనే అవుతుంది. బేరం వస్తే ధర దించకు, ఒక సన్న గాజు కొసరు వెయ్యి. దించిన ధర వాడకట్టంతా తెలుస్తుంది, కొసరు మాత్రం ఆమెకు ఒక్కదానికే దక్కిన సంతోషం.

చెవి పుండైన ఆమె సంగతి. దీన్ని చిన్నగా తీసుకోకు, భయపడనూ వద్దు. ముందు ఆమె పైసలు ఆమెకిచ్చెయ్. చెవి తగ్గకపోతే డాక్టరుకు చూపించమని చెప్పు. తప్పు నీ మట్టిది కాదు, చాలావరకు కొక్కేనిది. చవక హుక్కుల లోహంలో నికెల్ కలుస్తుంది. చెమట తగిలితే అది కొంచెం కొంచెం కరిగి చర్మంలోకి పోతుంది. కొందరి ఒంటికి అది పడదు. దురద, ఎర్రబడడం, నీరు కారడం వస్తాయి. ఒకసారి పడకుండా పోయిందంటే ఆ ఒంటికి చాలావరకు జన్మంతా పడదు. గిల్టు పెట్టుకుంటే నాకు చెవులు చీము పడతాయి అని మన ఇండ్లల్లో ప్రతి రెండో మనిషి అంటుంది కదా, చాలామందికి కారణం ఇదే. పైపూత అరిగేదాకా బాగానే ఉంటుంది, అరిగాక మొదలవుతుంది. నువ్వు సర్జికల్ స్టీల్ హుక్కులు తెప్పించుకో. అందులోనూ నికెల్ ఉంటుంది గానీ గట్టిగా పట్టుకొని ఉంటుంది, బయటికి విడిచేది చాలా తక్కువ. అదీ పడని వాళ్లకు వెండి హుక్కు వేసి, ఆ ధర విడిగా చెప్పి ఇవ్వు. ఏది వేశావో నోటితో చెప్పు, చీటీ మీద కూడా రాయి. తెలియకుండా "ఏమీ కాదు, పెట్టుకో" అనకు. ఒక్క చెవి పుండు పది మందిని దూరం చేస్తుంది, "ఈమె దగ్గర హుక్కు మంచిది" అన్న ఒక్క మాట ఇరవై మందిని తెస్తుంది. స్టాల్‌లో ఒకరు పెట్టి చూసిన కమ్మలు ఇంకొకరి చెవికి పెట్టనివ్వకు. చెవి పక్కన పట్టుకొని అద్దంలో చూసుకోమను.

కమ్మలు ఒక్క జతా పోకపోవడానికి హుక్కు ఒక్కటే కారణం కాకపోవచ్చు. మట్టి కమ్మ బాగా కాలిందో లేదో గోటితో తట్టి చూడు. కాలింది ఖంగుమంటుంది, కాలనిది దబ్బుమంటుంది. కాలనిది చెమటకు, వానకు మెత్తబడుతుంది. బరువు కూడా చూడు. పెద్ద బుట్టలు అందంగా ఉంటాయి, రెండు గంటలకు చెవి సాగుతుంది. లోపల డొల్ల చేసి చెయ్యడం వస్తేనే పెద్దవి చెయ్యి. కాల్చడం ఇంట్లో కుదరకపోతే మీ దగ్గరి కుమ్మరి వాళ్ల ఆవంలో పెట్టించుకో, వాళ్ల కూలి వాళ్లకివ్వు. ఇవన్నీ ఒకేసారి కావు, ఈ ఏడాది గాజుల మీద నిలబడు, కమ్మలు వచ్చే ఏడాది చూసుకో.

స్టాల్ మళ్లీ ఎప్పుడు పెట్టాలి అంటావా? శ్రావణంలో, నీ ఇంటి నుంచి పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే దూరంలో. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు కదా, నల్లగొండ, సూర్యాపేట, హాలియా నీకు దగ్గరే. ఒక్కదానివే కిరాయి కట్టకు. చీరలమ్మే ఆమెతోనో, జాకెట్లకు మగ్గం వర్క్ చేసే ఆమెతోనో బల్ల పంచుకో. చీర పక్కన గాజు ఉంటే రెండూ పోతాయి. పైసలు కట్టే ముందు పెట్టేవాళ్లను అడగాల్సినవి అడుగు. గాజుల స్టాళ్లు మొత్తం ఎన్ని? హస్తకళలని బోర్డు పెట్టి మిషన్ సరుకు పక్కనే కూర్చోబెడతారా? కరెంటు ఉందా? రాత్రి కాపలా ఎవరు? వాన పడితే పైసలు తిరిగిస్తారా? రసీదు ఇస్తారా? నేను ఒకసారి ఈ చివరి రెండూ అడగలేదు. రెండో రోజు రాత్రి గాలివానకు షామియానా కూలింది, మూడో రోజు మేళా లేదు, కట్టింది తిరిగి రాలేదు. కాగితం లేదు, ఎవరిని పట్టుకోను? పైగా ఆ కిరాయి నేను వారం వారం కట్టే వడ్డీకి తెచ్చింది. ఆ అప్పు తీరడానికి బతుకమ్మ దాటింది. అందుకే చెప్తున్నా, స్టాల్ కోసం అప్పు చేయకు. అమ్మిన గాజుల పైసలతో వచ్చే స్టాల్ కట్టు.

బల్ల మీద అన్నిటికంటే ముందు ఉండాల్సింది అద్దం. గాజులకు అద్దమెందుకు అంటావేమో. చేయి ఎత్తి మొహం పక్కన పెట్టుకొని చూసుకోని ఆడదాన్ని నాకు చూపించు! ఒక ఎల్ఈడీ బల్బు నీదే తీసుకుపో, పసుపు వెలుతురులో ఊదా రంగు ఎరుపులా కనిపిస్తుంది. ప్రతి సెట్టు మీద ధర రాయి, అడగడానికి మొహమాటపడే వాళ్లు చాలామంది ఉంటారు. చిల్లర పెట్టుకో, ఫోన్‌పే ఒక్కదాన్నే నమ్ముకోకు. జనంలో సిగ్నల్ పోతుంది. మధ్యాహ్నం ఎవరూ రారు, ఐదు దాటాకే గిరాకీ. ఆ ఖాళీలో కుర్చీలో కూర్చోకు, గాజు చుట్టు. దారం నీ వేళ్ల మధ్య తిరుగుతుంటే చిన్నపిల్లలు ముందు ఆగుతారు, వాళ్ల వెనక తల్లులు ఆగుతారు. 200 ఎందుకో అప్పుడు నువ్వు చెప్పక్కర లేదు.

జాతరల సంగతి నువ్వు అడగలేదు, అయినా ఒక మాట. చెరువుగట్టు, దురాజ్‌పల్లి పెద్దగట్టు, మహబూబ్‌నగర్ దిక్కు పోతే దీపావళి తర్వాత కురుమూర్తి, ఇక్కడికి జనం లక్షల్లో వస్తారు. కానీ మొక్కు తీర్చుకొని, పిల్లలకు బొమ్మలు కొని, బొరుగులు కట్టించుకొని పోయే జనం. అక్కడ 20, 30 రూపాయల గాజే పోతుంది, దుమ్ముకు నీ పట్టు దారం రెండు గంటల్లో మాసిపోతుంది. వద్దు.

మీరు మహిళా సంఘంలో ఉన్నారా? మిర్యాలగూడ మున్సిపాలిటీ కాబట్టి పట్టణాల మహిళా సంఘాలను చూసే మెప్మా వాళ్లను అడుగు, ప్రభుత్వం పెట్టే మేళాల్లో సంఘం తరఫున స్టాల్ దొరికితే కిరాయి భారం నీ ఒక్కదాని మీద పడదు. పల్లెల్లో సంఘాల వాళ్లకు ఇట్లనే సరస్ మేళాలుంటాయి. కేంద్ర జౌళి శాఖ కింద హస్తకళల కమిషనర్ కార్యాలయం పెహచాన్ అని చేతిపని వాళ్లకు గుర్తింపు కార్డు ఇస్తుంది, దానికి దరఖాస్తు పెట్టుకో. మేళాల్లో అడుగుతారు. జీఎస్టీ అని ఎవరైనా భయపెడితే భయపడకు, మన రాష్ట్రంలోనే అమ్ముకుంటూ ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటనంత వరకు నీకు ఆ రిజిస్ట్రేషన్ అక్కర లేదు.

మీ ఆయన గురించి. ఆయన మాట నీకు కష్టంగా తగిలింది, నాకు తెలుస్తుంది. కానీ ఇంట్లోంచి పైసలు పోవడం చూసిన మనిషి అడిగే మాటే అది. గొడవ పడకు, నోట్‌బుక్ చూపించు. ఒక పక్క సామాను, ఒక పక్క పని గంటలు, ఒక పక్క వచ్చింది. 2,380 అని నీ నోటితోనే చెప్పు. దాచిన నష్టం తర్వాత బయటపడితే నీ మాట మీద నమ్మకం పోతుంది. సద్దుల బతుకమ్మ దాకా కిరాయి స్టాల్ జోలికి పోను, ఆర్డర్ల మీదే చేస్తా, ఆ రోజు ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం అని అడుగు. మూడు నెలలు అడిగితే ఎవరూ కాదనరు. నువ్వు ఉంచాల్నా, మానాల్నా అన్నది అప్పుడు ఆ కాగితమే చెప్తుంది, మీ ఆయనా కాదు, నేనూ కాదు.

ఇక ఇంట్లో ఉన్న అరవై సెట్లు. చుట్టిన తర్వాతి కొలతతో అన్నింటినీ మళ్లీ కొలువు. రెండు నాలుగులోకి దిగిపోయినవి ఎక్కువే ఉంటాయి. అవి కాలేజీ పిల్లల చేతులకు, లంగా ఓణీ వేసుకునే పిల్లలకు సరిగ్గా పడతాయి. సెట్టుగా కాకుండా జతలుగా విడదీసి 40, 50కి అమ్ము. హాస్టల్ పిల్లలు నలుగురు కలిసి కొంటారు. రంగు ఎవరికీ నచ్చనివి పదో పన్నెండో ఉంటాయి, వాటి మీద ప్రాణం పెట్టుకోకు. దారం కోసెయ్, కుందన్లు జాగ్రత్తగా లేపి డబ్బాలో వేసుకో, ప్లాస్టిక్ గాజు మళ్లీ పనికొస్తుంది. వాటిలో రెండు ఎనిమిదివి ఉంటే పక్కన పెట్టు, శ్రావణం మొదటి ఆర్డర్లకు ముందు కావాల్సినవి అవే.